మొటిమలు, మొటిమ మచ్చలు: వైద్యం, సౌందర్య చికిత్సలు

చోరనూరు బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో ఒక హోబళి కేంద్రం. తెలుగూ కన్నడమూ రెండూ వినిపించే సరిహద్దు నేల. తాలూకా కొండల్లో ఇనుప ఖనిజం, రోడ్ల మీద లారీలు, వాటి వెనక ఎర్ర దుమ్ము. ఇక్కడి కుర్రవాడికి బుగ్గ మీద మొటిమ కనబడగానే మొదటి నింద ఆ దుమ్ము మీదే పడుతుంది. తల్లి వేడి చేసిందంటుంది. అవ్వ నూనె వస్తువులు తిన్నావంటుంది. స్నేహితుడు మందుల షాపులో దొరికే ఒక ట్యూబు పేరు చెబుతాడు. ఈ నాలుగింటిలో నిజంగా ముఖాన్ని పాడుచేయగలిగింది నాలుగోదే. దాని సంగతి కొంచెం ముందుకు వెళ్ళాక చూద్దాం.

మొటిమలను వైద్యులు ఆక్నే వల్గారిస్ అంటారు. ప్రపంచ జనాభాలో సుమారు 9.4 శాతం మందికి మొటిమలు ఉంటాయని 2010 నాటి ప్రపంచ వ్యాధిభార అధ్యయనం లెక్కగట్టింది. ఆ లెక్క ప్రకారం వ్యాప్తిలో అన్ని జబ్బుల్లోనూ దీనిది ఎనిమిదో స్థానం. 12 నుంచి 24 ఏళ్ళ వయసు వాళ్ళలో దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత వస్తుంది. ప్రాణం తీసే జబ్బు కాదు కాబట్టి పెద్దవాళ్ళు పట్టించుకోరు. పదిమంది కళ్ళూ ముఖం మీదే ఉన్నాయనిపించే వయసులో వస్తుంది కాబట్టి పిల్లలు అదే లోకంగా బాధపడతారు. మచ్చలు పడేదీ ఈ మధ్యలో జారిపోయే రెండు మూడేళ్ళలోనే.

మొటిమ ఎలా పుడుతుంది

ముఖం, ఛాతీ, వీపు మీది రోమకూపాలకు నూనె గ్రంథులు అంటుకుని ఉంటాయి. ఈడు వచ్చే వయసులో ఆండ్రోజన్ హార్మోన్ల వల్ల ఆ గ్రంథులు పెద్దవై సెబం అనే జిడ్డును ఎక్కువగా ఊరిస్తాయి. అదే సమయంలో రోమకూపం లోపలి గోడ నుంచి రాలాల్సిన మృతకణాలు సరిగా రాలక జిడ్డుతో కలిసి ముద్దకడతాయి. దారి మూసుకుపోతుంది. గాలి సోకని ఆ చోట క్యుటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. 2016 దాకా దాన్ని ప్రొపియోనిబాక్టీరియం అనేవారు, పాత పుస్తకాల్లో ఆ పేరే ఉంటుంది. శరీరం దాని మీదికి పోరుకు దిగితే ఎరుపు, వాపు, నొప్పి, చీము వస్తాయి. జిడ్డు, అడ్డు, బాక్టీరియా, వాపు అనే ఈ నాలుగే మొటిమకు మూలాలు. పనిచేసే ప్రతి మందూ వీటిలో ఒకటో రెండో చోట్ల దెబ్బకొట్టేదే.

నోరు మూసుకున్న అడ్డును వైట్‌హెడ్ అనీ, నోరు తెరుచుకున్నదాన్ని బ్లాక్‌హెడ్ అనీ అంటారు. బ్లాక్‌హెడ్ నలుపు మురికి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి రంగు మారిన కొవ్వు కలిసి అలా కనబడతాయి. రోజుకు ఐదుసార్లు సబ్బుతో రుద్దినా అది పోదు. పైగా చర్మం ఎండిపోయి చిరాకుపడుతుంది. రోజుకు రెండుసార్లు, ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు.

మన దేశంలో వైద్యులు తీవ్రతను మామూలుగా నాలుగు మెట్లుగా చూస్తారు. బ్లాక్‌హెడ్లు, అక్కడక్కడ చిన్న మొటిమలు ఉంటే మొదటి మెట్టు. ఎర్రటి మొటిమలు పెరిగి కొన్ని చీముగుల్లలు కనబడితే రెండోది. చీముగుల్లలే ఎక్కువై, లోతైన గడ్డలు మొదలైతే మూడోది. తిత్తులు, చీముగడ్డలు, మచ్చలు ముఖమంతా పరుచుకుంటే నాలుగోది. మూడో మెట్టు మీద ఉన్నవాళ్ళు పసుపూ శనగపిండీ పూసుకుంటూ కూర్చోవడం చాలా ఖరీదైన పొదుపు.

దుమ్ము, నూనె, తిండి

సండూరు కొండల్లో తవ్వేది హెమటైట్, అంటే ఫెర్రిక్ ఆక్సైడ్. మొటిమలను పుట్టించే లక్షణం దానికి లేదు. ఒంటికి అంటిన దుమ్ము, చెమట, రాపిడి కలిసి చిరాకు పెట్టగలవు, అంతే. పని దిగాక స్నానం చేస్తే ఆ సమస్య అక్కడికి తీరుతుంది. ఇదే ఫెర్రిక్ ఆక్సైడ్‌ను శుద్ధిచేసి, చాలా కొద్ది పాళ్ళలో జింక్ ఆక్సైడ్‌కు కలిపితే కాలమైన్ లోషన్‌కు ఆ గులాబి రంగు వస్తుంది. రంగు సన్‌స్క్రీన్లలోనూ ఐరన్ ఆక్సైడే ఉంటుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని కంటికి కనబడే వెలుతురును అది ఆపుతుంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో మచ్చను ముదిర్చేవాటిలో ఆ వెలుతురూ ఒకటి కాబట్టి మనకు ఇలాంటి సన్‌స్క్రీన్ పనికొస్తుంది. అలాగని ఎర్రమన్ను ముఖానికి పట్టించుకోమని కాదు.

దుమ్ము కంటే అనుమానించాల్సింది నూనెను. లారీ షెడ్లలో, యంత్రాల మరమ్మత్తుల్లో ఇంజన్ ఆయిలూ గ్రీజూ నానిన బట్టలతో పనిచేసే మెకానిక్కులకు తొడల మీద, ముంజేతుల మీద వచ్చే నల్లటి మొటిమలు వృత్తి రోగాల పుస్తకాల్లోకి ఎక్కినవే. వీళ్ళకు మొదటి మందు రోజూ ఉతికిన పొడి ప్యాంటు. హెల్మెట్ పట్టీ గడ్డానికి ఒరుసుకున్నచోట, బ్యాగు వీపుకు రాసుకున్నచోట వచ్చేవి రాపిడి మొటిమలు. తలకు కారేటట్టు కొబ్బరినూనె, ఆముదం పెట్టుకునే పిల్లలకు నుదుటి మీద పోసినట్టు వచ్చే చిన్న గుల్లలకు ఆ నూనే కారణం. 1970లోనే అమెరికా వైద్యులు తలనూనెల వల్ల వచ్చే ఈ రకాన్ని విడిగా వర్ణించారు. రాత్రి పెట్టుకుని పొద్దున తలంటుకుంటే సగం తగ్గుతుంది.

ముఖానికి పూసే రంగులూ ఇందులోకే వస్తాయి. బళ్ళారి అంటే తెలుగు నాటకానికి పుట్టిల్లు లాంటి ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసి ఆడించింది, బళ్ళారి రాఘవ వెలిగింది అక్కడే. పాతకాలపు తెలుగు నటుడి ముఖానికి వేసే అర్దళం పచ్చటి ఆర్సెనిక్ ఖనిజం. దాని మీద సఫేదా, ఇంగిలీకం. వేషం తీయడానికి మళ్ళీ కొబ్బరినూనె. ఆ చర్మాలు ఏమై ఉంటాయో ఊహించుకోవలసిందే. ఈనాటి మేకప్ సామాను అంత విషం కాదు గాని, రంధ్రాలను మూసే గుణం కొన్నింటికి ఇప్పటికీ ఉంది. డబ్బా మీద నాన్‌కొమెడోజెనిక్ అన్న మాట ఉందో లేదో చూసి కొనడం మంచిది.

ఇక తిండి. వేరుశనగ, మామిడిపండు, నూనె బజ్జీ మొటిమలు తెస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పంచదార, మైదా, శీతల పానీయాల్లాగా రక్తంలో చక్కెరను చటుక్కున పెంచే తిండికీ మొటిమలకూ సంబంధం ఉన్నట్టు మాత్రం పరీక్షల్లో తేలింది. పాల విషయంలో ఆధారం అంత గట్టిది కాదు. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు తాగే వే ప్రోటీన్ పొడి తరవాత హఠాత్తుగా మొటిమలు రేగడం వైద్యులు తరచూ చూస్తున్నదే. కండలకోసం పొడిపించుకునే స్టీరాయిడ్ ఇంజెక్షన్లయితే మొటిమలతో ఆగవు, ఇంకా చాలా పోగొడతాయి. క్షయకు వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, మానసిక వైద్యంలో లిథియం, స్టీరాయిడ్లు కూడా మొటిమల్లాంటివి తెస్తాయి. కాబట్టి వైద్యుడి దగ్గర వాడే మందులన్నీ చెప్పాలి. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ, మొటిమలు దవడ వెంబడి వచ్చే అమ్మాయిలకు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. అప్పుడు పూత మందు ఒక్కటే చాలదు.

పాత వైద్యం, వంటింటి వైద్యం

సుశ్రుత సంహిత నిదానస్థానంలో, క్షుద్రరోగాల వరసలో ముఖదూషిక అని దీని వర్ణన ఉంది. బూరుగుచెట్టు మీది ముళ్ళలాంటి మొటిమలు యువతీయువకుల ముఖాల మీద వస్తాయని, కఫం, వాతం, రక్తం కారణాలని అందులో చెప్పారు. లొద్దుగ చెక్క, వస వంటివాటితో లేపనాలు వేయమన్నారు. వయసునూ చోటునూ ఇంత సూటిగా పట్టుకున్న వర్ణన పాత గ్రంథాల్లో అరుదు.

వంటింట్లో వేపాకు, పసుపు, చందనం వల్ల పెద్దగా చెడేమీ లేదు, పెద్దగా మేలూ ఆశించకూడదు. నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దు. అది పూసుకుని ఎండలోకి వెళితే కొందరికి చర్మం కాలినట్టై నల్లటి చారలు పడతాయి. మొటిమ మీద టూత్‌పేస్టు పెట్టడం దాని చుట్టూ చర్మాన్ని పొక్కించడానికే. అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది గోరు. గిల్లిన మొటిమ లోపలికి పగిలి, వాపు లోతుకు దిగి, నాలుగు రోజుల్లో పోవలసినది నాలుగేళ్ళ గుంట అవుతుంది.

పూత మందులు

ఆధునిక మొటిమల వైద్యానికి పునాది విటమిన్ ఎ నుంచి వచ్చిన రెటినాయిడ్లు. ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ బృందం 1969లో ట్రెటినాయిన్ పనితీరును ప్రచురించింది, 1971లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ పరిశోధనల వెనక మాయని మచ్చ ఒకటుంది. క్లిగ్మన్ తన ప్రయోగాలు ఎన్నో హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మాల మీద చేశాడు. ఈనాటి వైద్య నీతి దాన్ని ఒప్పుకోదు. మందు మాత్రం నిలిచింది. దాని తరవాత వచ్చిన అడాపలీన్‌కు 1996లో అమెరికాలో అనుమతి దొరికింది. మంట తక్కువ, ఎండకు చెడిపోయే గుణం తక్కువ. 2016 నుంచి అక్కడ 0.1 శాతం జెల్‌ను వైద్యుడి చీటీ లేకుండానే అమ్ముతున్నారు.

అడాపలీన్ రోమకూపంలోని అడ్డును తీస్తుంది, కొత్తది పడకుండా చూస్తుంది. అందుకే మొటిమ ఉన్న చోట చుక్క పెట్టి వదిలేయకూడదు. మొటిమలు వచ్చే ప్రాంతమంతా పూయాలి. రాత్రి ముఖం కడిగి, పావుగంట ఆగి, పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత జెల్ తీసుకోవాలి. నుదుటి మీద ఒక చుక్క, రెండు బుగ్గల మీద ఒక్కొక్కటి, గడ్డం మీద ఒకటి పెట్టి పలచగా పరచాలి. కళ్ళ మూలలు, ముక్కు మడతలు, పెదవుల అంచులు వదిలేయాలి. మొదట్లో రెండు రాత్రులకోసారి రాసి, చర్మం అలవాటుపడ్డాక రోజూ రాయవచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో పొట్టు రాలుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు కొంచెం పెరిగినట్టూ ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ట్యూబు పారేసి, ఈ మందు పడలేదని తీర్మానించుకుంటారు. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. గర్భిణులు రెటినాయిడ్ పూతలు వాడకూడదు. వాళ్ళకు అజెలాయిక్ ఆసిడ్ క్షేమం. మచ్చల నలుపును కూడా అది కొంత తగ్గిస్తుంది.

బెంజాయిల్ పెరాక్సైడ్ రెండో స్తంభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. బాక్టీరియాను చంపుతుంది, బాక్టీరియా దానికి లొంగకుండా తయారవడం అంటూ ఇంతవరకూ లేదు. 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం దానికి సమానంగా పనిచేస్తుంది, మంట మాత్రం బాగా తక్కువ. కాబట్టి ఎక్కువ శాతం ఉన్నది అడిగి కొనడం తెలివి కాదు. తువ్వాళ్ళకూ దిండు గలీబులకూ తెల్ల మచ్చలు పడతాయని ముందే తెలిసి ఉంటే ఇంట్లో తగాదా తప్పుతుంది. క్లిండామైసిన్ జెల్ ఒక యాంటీబయాటిక్. దాన్ని ఒంటరిగా నెలల తరబడి రాస్తే బాక్టీరియా దానికి అలవాటుపడిపోతుంది. అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్ జోడించి ఇస్తారు.

మాత్రలు

మొటిమలు ఎక్కువగా వాచినప్పుడు డాక్సీసైక్లిన్ ఇస్తారు. పెద్ద గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, బళ్ళారి ఎండలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వరు. మూడు నాలుగు నెలలకు మించి సాగదీయకూడదు. ఆడవాళ్ళలో హార్మోన్ల పాత్ర ఉందనిపిస్తే కొన్ని గర్భనిరోధక మాత్రలు, స్పైరనోలాక్టోన్ పనిచేస్తాయి. 2023లో బ్రిటన్‌లో 410 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో స్పైరనోలాక్టోన్ ఫలితం స్పష్టంగా కనబడింది.

వీటన్నిటికంటే బలమైనది ఐసోట్రెటినాయిన్. 1979లో అమెరికాలో గారీ పెక్ బృందం, ఏ మందుకూ లొంగని గడ్డల మొటిమలున్న 14 మందికి దీన్నిస్తే 13 మందికి పూర్తిగా పోయాయి. మందు ఆపాక కూడా చాలాకాలం తిరిగి రాలేదు. 1982లో అనుమతి వచ్చింది. మొటిమకున్న నాలుగు మూలాలనూ తాకే ఒకే ఒక్క మందు ఇదే.

మోతాదు లెక్క రోగులకు తెలిసి ఉండటం మంచిది. సాధారణంగా చికిత్స మొత్తంలో బరువు కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరాలని చూస్తారు. 50 కిలోల మనిషికి కనీసం 6,000 మిల్లీగ్రాములు. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 300 రోజులు. రెండో నెలలో ముఖం తేటపడింది కదా అని ఆపేసినవాళ్ళకు మొటిమలు తిరిగి వచ్చేది అందుకే. పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ ఉంటుంది. పెట్రోలియం జెల్లీ జేబులో పెట్టుకోవాల్సిందే. కాలేయం, రక్తంలో కొవ్వుల పరీక్షలు మొదట్లోనూ మధ్యలోనూ చేయించాలి. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు, మెదడులో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. కుంగుబాటు గురించి వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి. మనసు మందగించినట్టు అనిపిస్తే వైద్యుడికి చెప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం ఏ వాదనా లేదు. కడుపులో బిడ్డ ఉండగా ఈ మందు వేసుకుంటే బిడ్డకు గుండె, మెదడు, ముఖం, చెవుల లోపాలు వస్తాయి. మొదలుపెట్టే నెల ముందు నుంచి, ఆపిన నెల తరవాత దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ కాలంలో రక్తదానం కూడా చేయకూడదు. పెళ్ళి కుదిరిన అమ్మాయికి మొటిమలు త్వరగా పోవాలని ఇంట్లోవాళ్ళు తొందరపెట్టి, ఎవరి చీటీ మీదో ఈ మాత్రలు కొనిపెట్టడం మన ఊళ్ళలో జరిగే పనే. ముహూర్తం తేదీ వైద్యుడికి చెప్పకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు.

ట్యూబు కథ

మొదట్లో స్నేహితుడు చెప్పిన ట్యూబు దగ్గరికి వద్దాం. ఊళ్ళోని మందుల షాపులో, ఆర్‌ఎంపీ దగ్గర, కొన్ని చోట్ల కిరాణా అంగడిలో కూడా దొరికే ఈ ట్యూబుల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టీరాయిడ్ ఉంటుంది. ఒక్కొక్కప్పుడు దానికి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. రాసిన మూడో రోజుకే ఎరుపు తగ్గుతుంది. రక్తనాళాలు కుంచించుకుపోయి రంగు తేలినట్టు కనబడుతుంది. వైద్యుడిచ్చిన అడాపలీన్ మూడు వారాలైనా పొట్టు రాల్చుతూ ఉంటే, ఇది మూడు రోజుల్లో మెరిపిస్తుంది. ఎవరు దీన్ని వదులుకుంటారు?

కొన్ని నెలలకు చర్మం పలచబడి, ఎర్రటి సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి. ముఖం మీద నూగు పెరుగుతుంది. ఒకే సైజులో చిన్న చిన్న గుల్లలు ముఖమంతా లేస్తాయి, ఇవే స్టీరాయిడ్ మొటిమలు. మానేద్దామంటే ముఖం మండిపోతుంది, మళ్ళీ రాస్తే చల్లబడుతుంది. దీన్ని మన వైద్యులు స్టీరాయిడ్‌కు బానిసైన ముఖం అని వర్ణించారు. 2011లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది, అంటే 14.8 శాతం మంది, ముఖానికి స్టీరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువగా కనబడిన దుష్ఫలితం మొటిమలు రావడం, ఉన్నవి ముదరడం. మొటిమకని రాసిన మందే మొటిమలను పెంచుతోందన్నమాట.

చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ దీని మీద ప్రత్యేక దళాన్నే ఏర్పాటుచేసి పోరాడింది. చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో పైపూత స్టీరాయిడ్లకు అంతవరకూ ఉన్న మినహాయింపును 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాలకు ఎత్తేసింది. చీటీ లేకుండా అమ్మడం నేరమే. అమ్మకం మాత్రం ఆగలేదు. చట్టం ఢిల్లీలో మారినంత తేలిగ్గా కౌంటర్ దగ్గర అలవాటు మారదు.

మచ్చలు

మొటిమ తగ్గాక మిగిలేవి రెండు రకాలు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. మొదటిది రంగు మచ్చ. చర్మం నున్నగానే ఉంటుంది, నల్లగానో గోధుమగానో ఉంటుంది. మన ఛాయ చర్మాల్లో ఇది దాదాపు తప్పదు. కానీ శాశ్వతం కాదు. కొన్ని నెలల్లో తనంత తానే పలచబడుతుంది. సన్‌స్క్రీన్, అజెలాయిక్ ఆసిడ్, రెటినాయిడ్, సాలిసిలిక్ ఆసిడ్ పీల్ దాన్ని త్వరపరుస్తాయి. దీనికి లేజర్ దాకా వెళ్ళనక్కర్లేదు.

రెండోది గుంట. వేలితో తడిమితే తెలుస్తుంది. పక్కనుంచి వెలుతురు పడితే ఇంకా తెలుస్తుంది. ఏ క్రీమూ దీన్ని పూడ్చదు. 2001లో జేకబ్ తదితరులు చేసిన విభజన ప్రకారం వీటిలో మూడు రకాలు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఐస్‌పిక్, అంచులు నిటారుగా ఉండే వెడల్పు గుంటలు బాక్స్‌కార్, అంచు తెలియకుండా అలల్లా పల్లంగా ఉండేవి రోలింగ్. ఒక ముఖం మీద మూడూ ఉండవచ్చు. కాబట్టి ఒకే యంత్రంతో అన్నీ పోతాయని చెప్పే ప్రకటనను నమ్మనక్కర్లేదు.

ఐస్‌పిక్ గుంటలకు మంచి ఫలితమిచ్చే పద్ధతి ఖరీదైన యంత్రం అక్కర్లేనిది. 2002లో కొరియా వైద్యులు వర్ణించిన టీసీఏ క్రాస్‌లో, 65 నుంచి 100 శాతం గాఢత ఉన్న ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్‌లో సన్నటి పుల్ల మొనను ముంచి, చర్మాన్ని లాగిపట్టి, గుంట అడుగున మాత్రం తాకిస్తారు. కొన్ని సెకన్లలో ఆ చుక్క తెల్లగా గడ్డకట్టినట్టు మారుతుంది. తరవాత పొక్కు కట్టి, వారం రోజుల్లో రాలిపోతుంది. అడుగున కొత్త కొలాజెన్ పుట్టి గుంట పైకి లేస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చాలాసార్లు చేయాలి. పుల్ల అంచుకు తగిలితే గుంట వెడల్పవుతుంది, మన చర్మంలో నల్ల వలయం పడుతుంది. ఆన్‌లైన్‌లో ఆసిడ్ తెప్పించుకుని అద్దం ముందు కూర్చునే పని ఎవరూ పెట్టుకోకూడదు. మరీ లోతైనవాటిని చిన్న గుండ్రటి పంచ్‌తో కోసి తీసి, కుట్టు వేస్తారు.

రోలింగ్ గుంటలను చర్మం కింద నార పోగులు లోపలికి లాగిపట్టి ఉంచుతాయి. 1995లో ఓరెన్‌ట్రైక్‌లు వర్ణించిన సబ్‌సిషన్‌లో మత్తు ఇచ్చి, చర్మం కిందికి సూదిని దూర్చి, ముందుకూ వెనక్కూ కదుపుతూ ఆ పోగులను తెంపుతారు. తెగేటప్పుడు పటపటమని సన్నటి శబ్దం వైద్యుడి చేతికి తెలుస్తుంది, పడుకున్నవాళ్ళకూ వినబడుతుంది. వారం పది రోజులు కమిలి నీలంగా ఉంటుంది. బాక్స్‌కార్‌కు, చర్మమంతా గరుకుగా ఉన్నవాళ్ళకు మైక్రోనీడ్లింగ్, సూదులతో రేడియోఫ్రీక్వెన్సీ, ఫ్రాక్షనల్ లేజర్ వాడతారు. చర్మమంతా ఒకేసారి చెక్కే డెర్మాబ్రేషన్ జర్మనీలో 1905లోనే మొదలైంది గాని మన ఛాయ చర్మాలకు అది నల్ల మచ్చలు మిగిల్చేది. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతి చుక్కలు చుక్కలుగా మాత్రమే కాల్చి, మధ్యలో ఆరోగ్యంగా ఉన్న చర్మం వదిలేస్తుంది. అందుకే త్వరగా మానుతుంది. అయినా నలుపు చర్మాలకు శక్తి తగ్గించి, విరామాలు పెంచి చేయాలి. తెల్ల చర్మాలకు రాసిన లెక్క ఇక్కడ పనిచేయదు. సొంత రక్తం నుంచి తీసే పీఆర్‌పీ వీటికి తోడుగా కొంత ఉపయోగమే, దాన్ని ఒంటరిగా అమ్మితే అనుమానించాలి. రంగు తేలుస్తాయని అమ్మే గ్లూటాథయోన్ డ్రిప్పులకూ మొటిమ గుంటలకూ ఏ సంబంధమూ లేదు.

దవడ, ఛాతీ, భుజాల మీద మచ్చ గుంట పడకుండా ఉబ్బితే అది కీలాయిడ్ కావచ్చు. దానికి ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు, సిలికోన్ జెల్ వాడతారు. పీల్‌లూ లేజర్లూ చేస్తే ఇంకా పెరగవచ్చు.

ఐసోట్రెటినాయిన్ ఆపిన ఆరు నెలలదాకా మచ్చల చికిత్స ఏదీ చేయకూడదని చాలాకాలం అనేవారు. భారత చర్మ శస్త్రచికిత్సకుల సంఘం 2017లో ఆధారాలు పరిశీలించి, పైపైన చేసే పీల్‌లు, మైక్రోనీడ్లింగ్, చాలా రకాల లేజర్లకు అంత విరామం అక్కర్లేదని మార్గదర్శకాలిచ్చింది. దీనివల్ల రోగికి విలువైన కాలం మిగిలింది.

ఇన్ని చేసినా గుంటలు సగం తగ్గితే మంచి ఫలితమే. పూర్తిగా పోతాయని మాటిచ్చేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకూడదు. అదే మచ్చకు పెట్టే ఖర్చులో చాలా చిన్న భాగంతో, మొదటి ఆరు నెలల్లో, అసలు మచ్చే పడకుండా ఆపవచ్చు.

ముఖమూ మనసూ

2015లో మలయాళ సినిమా ప్రేమమ్‌లో మొటిమల ముఖంతోనే తెరమీదికి వచ్చిన సాయిపల్లవిని, 2017లో ఫిదాలో బాన్సువాడ భానుమతిగా తెలుగువాళ్ళు తమ ఇంటి పిల్లగా తీసుకున్నారు. మొటిమల వల్ల తాను పడ్డ సంకోచం గురించి ఆమె ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆమె జార్జియాలో వైద్యం చదివిన పట్టభద్రురాలు. తెల్లబరిచే క్రీమ్ ప్రకటనను పెద్ద పారితోషికం ఇస్తామన్నా వద్దన్నారు. ఆ తరవాత మొటిమలున్న అమ్మాయిలు ఫొటోలు దిగడానికి జంకడం కొంత తగ్గిందనే నా నమ్మకం. ముఖాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడం, వైద్యం చేయించుకోవడం ఒకదానికొకటి అడ్డు కావు.

ఎక్కడికి వెళ్ళాలి

చోరనూరు వైపు నుంచి దగ్గరి పెద్దాసుపత్రి బళ్ళారిలో 1961లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలది. చాలాకాలం విమ్స్ అన్న పేరుతో జనం నోట నలిగింది. ఆంధ్ర వైపు అనంతపురం, కర్నూలు వైద్య కళాశాలలున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగం బోర్డు మీద చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులు అని మూడూ కలిపి రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసి సిగ్గుపడి వెనక్కి మళ్ళే అమ్మాయిలుంటారు. లోపల వరసలో కూర్చున్నవాళ్ళలో చాలామంది మొటిమలకు, తామరకు వచ్చినవాళ్ళే. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే వైద్యుడితో మాట్లాడే వీలుంది. ఫొటో చూపించాలంటే పగటిపూట కిటికీ పక్కన నిలబడి, ఫిల్టర్ లేకుండా, ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి తీసుకోవాలి.

నొప్పితో లోతుగా గడ్డలు వస్తున్నా, మొదటి గుంట కనబడినా, ఇంట్లో అన్నకో నాన్నకో మొటిమ గుంటలున్నా ఆగకుండా వైద్యుణ్ణి కలవండి. ఇప్పటికే స్టీరాయిడ్ ట్యూబు రాస్తుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా, ఆ ట్యూబును చేతిలో పట్టుకునే వెళ్ళండి. కొత్తగా కొనబోతుంటే డబ్బు ఇచ్చే ముందు దాని మీది చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న మాటల్లో ఏది ఉన్నా, అది మొటిమకు మందు కాదు.